ఎర్రంచు తువ్వాలు

రెడ్‌మండ్‌లో ఇప్పుడు కరివేపాకు కట్టలు కట్టలుగా దొరుకుతుంది. ఇండియన్ షాపులో ఆ పచ్చి ఆకుల్ని సంచిలో వేసుకునేటప్పుడల్లా నాకు కొంచెం కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు. మా చిన్నప్పుడు కరివేపాకు పోస్టులో వచ్చేది. ఎండిన నాలుగు రెబ్బలు నాయనమ్మ ఉత్తరం మడతల్లో దాక్కుని వచ్చేవి. అమ్మ ఉత్తరం చదవకముందే వాసన చూసేది. చదవడం ఆ తర్వాతి సంగతి.

మొన్న ఎండలు తగ్గే రోజుల్లో ఒక ఆదివారం అదే షాపులో డబ్బు కట్టే లైన్లో నిలబడి ఉన్నాను. నా వెనక ఇద్దరు కుర్రాళ్ళు వీసా స్టాంపింగ్ గురించి ఒకటే గొడవ. మా వాడు ఫోన్ నా ముక్కు కింద పెట్టాడు.

"అమ్మా, దిస్ ఈజ్ యువర్ లేక్ కదా? చూడు."

మట్టిరంగు బొమ్మ. లేక్ అడుగును శబ్దంతో గాలించి తీసిన ఫొటో అట. రెండు రెక్కలు, ఒక తోక. బడిపిల్లలు వేసిన బొమ్మంత స్పష్టంగా ఉంది. పెద్ద యుద్ధం నాటి డైవ్ బాంబర్ అనీ, శిక్షణలో ఉండగా ఇద్దరు మనుషులతో సహా నీళ్ళలో పడిపోయిందనీ, ఇన్నేళ్ళకి దొరికిందనీ కింద రాశారు.

"మామ్, ఆర్ యూ ఓకే? ఎందుకు ఏడుస్తుంది నువ్వు?" అన్నాడు. మా వాడు ఇక్కడే పుట్టాడు. తెలుగు బాగానే మాట్లాడతాడు గానీ నాకూ వాళ్ళ నాన్నకీ కూడా 'తుంది' అనే అంటాడు.

"వెనక సీటు మీద అద్దం తెరిచి ఉందా, మూసి ఉందా? ఏమన్నా రాశారా చూడు" అన్నాను.

వాడికేం అర్థమవుతుంది! ఆ ప్రశ్న నాది కాదు. పదేళ్ళ వయసులో ఒకావిడ నోటి నుంచి విని మా నాయనమ్మకి తెలుగులో చెప్పాను. ఆ రోజు నుంచీ అది నా దగ్గరే ఉండిపోయింది.

* * *

నాకు ఏడేళ్ళప్పుడు ఇక్కడికి వచ్చాం. నాన్న విమానాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. అప్పటికి సాఫ్ట్‌వేర్ అనే మాట ఎవరి నోటా వినలేదు. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట గుర్రాలు మేసేవి. స్ట్రాబెర్రీ తోటల పక్క నుంచి వెళ్తుంటే కారు అద్దం దించి వాసన పీల్చుకునేవాళ్ళం. తెలుగువాళ్ళ ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నెలకోసారి ఎవరింటి బేస్‌మెంట్‌లోనో అందరూ కలిసేవాళ్ళు. ఒకరు పులిహోర, ఒకరు పప్పు, ఒకరు వంట రాని బ్రహ్మచారి కాబట్టి పేపర్ ప్లేట్లు. పిల్లలం మెట్ల కింద చేరి, ఆ బ్రహ్మచారి అంకుల్ ఏ ఆంటీ వంటని ఎంత పొగుడుతున్నాడో వినేవాళ్ళం. రెండోసారి వడ్డించుకోవాలంటే ఎంత పొగడాలో ఆయనకి బాగా తెలుసు.

మా వీధి వాలుగా దిగి లేక్ దగ్గర ఆగిపోయేది. మా ఇంటికీ నీళ్ళకీ మధ్య ఒకే ఒక్క ఇల్లు. గోడలు, తలుపులు, కిటికీ చట్రాలు, చివరికి కుక్క లేని కుక్కగూడు కూడా ముదురు ఆకుపచ్చ. అందులో ఒంటరిగా ఒకావిడ. యాభై ఏళ్ళుంటాయేమో. పొడుగ్గా, ఎముకలు కనిపించే చేతులతో, ఎప్పుడూ జేబులున్న ఏప్రన్‌తో ఉండేది. కొన్నేళ్ళకోసారి ఆ ఇంటికి మళ్ళీ అదే ఆకుపచ్చ రంగు తనే వేసుకునేది. నేనూ తమ్ముడూ సాయం చేస్తామని వెళ్ళి సగం రంగు గోడకీ సగం మాకూ పూసుకుని వచ్చేవాళ్ళం. అమ్మ కిరసనాయిల్ గుడ్డతో మా చెవులు తోముతూ, "ఆ ఆంటీని విసిగించకండర్రా" అనేది.

తర్వాత నాయనమ్మ వచ్చింది. ఆరు నెలల వీసా మీద, మా ఊరి గోదావరి గాలినంతా పెట్టెల్లో కుక్కుకుని వచ్చింది. ఆవకాయ జాడీ, పంచాంగం, దర్భల కట్ట, ఎవరికైనా పెట్టడానికని అరడజను ఎర్రంచు చేనేత తువ్వాళ్ళు. కారు దిగగానే చుట్టూ చూసి, తీగ మీద వాలిన కాకుల్ని చూసి, "కాకులున్నాయి. పర్లేదు, దేశం మంచిదే" అంది.

వచ్చిన రెండో రోజే కంచె దగ్గర ఆకుపచ్చ ఇంటావిడని చూసింది.

"ఎవరే ఆ దొరసాని? ఒక్కర్తే ఉంటుందా? పెళ్ళి కాలేదా? అడుగు."

"అలా అడక్కూడదు నాయనమ్మా."

"ఎందుకడక్కూడదు? నోరుంది, చెవులున్నాయి. అడుగు."

అడిగాను. ఆవిడ నవ్వింది. "అడిగినవాడు నాకు నచ్చలేదు, నచ్చినవాడు నన్నడగలేదు. అలా చెప్పు మీ నాయనమ్మకి."

చెప్పాను. నాయనమ్మ చాలాసేపు ఆలోచించి, "బుద్ధిమంతురాలు" అంది. అంతే, స్నేహం కుదిరిపోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆవిడ పేరు దొరసాని. మాకు దొరసాని ఆంటీ.

వాళ్ళిద్దరి మధ్య దుబాసీని నేనే. ఆ ఉద్యోగంలో జీతం లేదు గానీ పైసంపాదన బాగుండేది. దొరసాని ఆంటీ యాపిల్ పై చేసి తెచ్చేది. కోడిగుడ్డు పడిందేమోనని నాయనమ్మ ముట్టేది కాదు. "చాలా బాగుంది, ఇంకో ముక్క కావాలంటోంది మా నాయనమ్మ" అని నేను చెప్పేదాన్ని. ఆ ముక్కా నేనే తినేదాన్ని. నాయనమ్మ వైపు నుంచి పచ్చళ్ళు వెళ్ళేవి. ఇక్కడ దారుల పక్కన ముళ్ళపొదల్లో బ్లాక్‌బెర్రీలు విరగకాస్తాయి. వాటిని కోసుకొచ్చి ఉప్పు, కారం, ఆవపిండి కలిపి నాయనమ్మ ఊరబెట్టింది. దొరసాని ఆంటీ వేలితో కొంచెం నాకింది. కళ్ళ నిండా నీళ్ళు. ఏప్రన్‌తో తుడుచుకుని మళ్ళీ నాకింది.

"దీని జన్మ మన వైపుదే" అంది నాయనమ్మ. అది మాత్రం అనువదించలేదు. ఎలా చెప్పాలో రాలేదు.

* * *

ఒక సాయంత్రం ముగ్గురం ఆవిడ పెరట్లోంచి లేక్‌లోకి కట్టిన చెక్కవంతెన చివర నీళ్ళ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాం. దేవదారు చెక్క వాసన, పడవల పెట్రోలు వాసన. ఇంటికి ఎప్పుడూ ఆకుపచ్చ రంగే ఎందుకని నాయనమ్మ అడగమంది.

దొరసాని ఆంటీ అవతలి ఒడ్డు చూపించింది. యుద్ధం రోజుల్లో అక్కడ నేవీ వాళ్ళ ఎయిర్‌ఫీల్డ్ ఉండేదట. వాళ్ళన్నయ్య నేవీలో చేరి, ఎక్కడెక్కడో శిక్షణ అయ్యాక, అదృష్టం కొద్దీ సొంతింటి ఎదురుగానే పడ్డాడు. డైవ్ బాంబర్‌లో వెనక సీటు వాడిది. ముందు పైలట్, వెనక రేడియో చూసుకుంటూ తుపాకీ పట్టుకునేవాడు, ఇద్దరే. ఆ విమానం ఎత్తు నుంచి నిట్టనిలువుగా కిందికి దూకి, బాంబు వదిలి, నీళ్ళని తాకకుండా మళ్ళీ పైకి లేవాలి. యుద్ధానికి పంపేముందు ఈ లేక్ మీదే అది నేర్పేవాళ్ళట.

"లకుముకి పిట్టలాగానా?" అంది నాయనమ్మ, చెయ్యి పైనుంచి కిందికి విసురుతూ.

చెప్పనక్కర్లేకపోయింది. దొరసాని ఆంటీ తలూపి, పక్కింటి వాళ్ళ స్తంభం మీద నిజంగానే కూర్చుని ఉన్న లకుముకి పిట్టని చూపించింది.

పైనుంచి చూస్తే ఈ ఒడ్డున తమ ఆకుపచ్చ ఇల్లొక్కటే గుర్తుపట్టగలనని వాడు చెప్పేవాడట. ఈవిడకప్పుడు పధ్నాలుగేళ్ళు. విమానం చప్పుడు వినగానే మంచం మీద దుప్పటి లాక్కుని వచ్చి ఈ చెక్కవంతెన మీద నిలబడి ఊపేది. ఆ రోజు మంచు ఉంది. చప్పుడు వినిపించింది, పెద్దదైంది, ఆగిపోయింది. దుప్పటి పట్టుకుని నిలబడే ఉంది. నీళ్ళ మీద నూనె తెట్టు తప్ప ఏమీ దొరకలేదు. కొన్నాళ్ళు వెతికి నేవీ వాళ్ళు మానేశారు. పైలట్ తల్లిదండ్రులు ఎక్కడో తమ ఊళ్ళో కొడుకు పేరుతో రాయి వేయించుకున్నారు. వీళ్ళు వేయించలేదు. వాళ్ళమ్మ వద్దంది. అమ్మ పోయాక ఈవిడ వద్దనుకుంది.

"వెనక సీటు అద్దం వెనక్కి తోసుకుని బయటికి రావచ్చు. వాడికది బాగా అలవాటు" అంది. "నాకు ఒక్కటి తెలిస్తే చాలు. ఆ అద్దం తెరిచి ఉందా, మూసి ఉందా? తెరిచి ఉంటే వచ్చాడన్నట్టు."

రాత్రి భోజనాల దగ్గర నాన్నని అడిగాను. నాన్న పెరుగన్నం కలుపుతూ, "వెనకవాడికి గన్ పేల్చాలి కదా, అందుకని ఆ అద్దం స్లైడ్ అవుతుంది. మెల్లగా నీళ్ళ మీద దిగి ఉంటే బయటపడొచ్చు. నిటారుగా కొట్టుకుంటే మాత్రం నో ఛాన్స్" అన్నాడు. అమ్మ కళ్ళతోనే చాలించమంది.

నాయనమ్మ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు బియ్యంలో రాళ్ళేరుతూ నాతో చెప్పింది. ఇక్కడి బియ్యంలో రాళ్ళుండవు, అయినా ఏరేది.

"మా తమ్ముడూ అంతేనే అమ్మడూ. ఆ యుద్ధంలోనే. పట్టాళంలో గుమాస్తా ఉద్యోగవని బర్మా వైపు వెళ్ళాడు వెధవాయి. పోయాడనీ చెప్పరు, ఉన్నాడనీ చెప్పరు. పన్నెండేళ్ళు చూశామే. ఆ పన్నెండేళ్ళూ మా అమ్మ వీధి తలుపు గొళ్ళెం పెట్టనివ్వలేదు. వాడొచ్చి తడితే వినపడదేవోనని. ఆఖరికి శాస్త్రప్రకారం దర్భలతో మనిషి బొమ్మ కట్టి దహనం చేశారు. నీళ్ళు వదిలారు. ఆ రాత్రి మా అమ్మ తనే లేచెళ్ళి గొళ్ళెం పెట్టి పడుకుంది. పన్నెండేళ్ళ తర్వాత ఒళ్ళెరక్కుండా నిద్రపోయిందే."

చేట పక్కన పెట్టి ఆకుపచ్చ ఇంటి వైపు చూసింది. "ఈ పిచ్చిది ఇంకా గొళ్ళెం పెట్టలేదు" అంది.

* * *

మహాలయ పక్షం వచ్చింది. ప్రతి ఏడూ నాన్న అమావాస్యనాడు తాతయ్యకి తర్పణం వదిలేవాడు. పురోహితుడు లేడు. కేసెట్ ఉంది. మేం దేశం వదిలేటప్పుడు మా ఊరి శాస్త్రిగారు మంత్రాలన్నీ చదివి కేసెట్‌లో పట్టి ఇచ్చారు. ఆ మంత్రాల వెనకాల మా ఊరి కాకి అరుస్తుంది, ఎవరో సైకిలు గంట కొడతారు. అక్కడక్కడా శాస్త్రిగారు ఆగి, "ఇక్కడ గోత్రం, పేరు చెప్పుకోండి బాబూ" అంటారు. కాసేపు ఏమీ వినపడదు. ఆ ఖాళీలో మనం చెప్పుకోవాలి. తర్వాత, "ఊఁ. నీళ్ళు వదలండి" అంటారు. నేనూ తమ్ముడూ ఆ ఖాళీ కోసం కాచుకుని మా టీచరు పేరు చెప్పి పకపకా నవ్వి తన్నులు తిన్నాం ఒకసారి.

ఆ యేడు నాయనమ్మ పంచాంగం చూసి, ఆయుధాలతో, అపమృత్యువుతో పోయినవాళ్ళకి అమావాస్య ముందు చతుర్దశి అంది. తన తమ్ముడికి ఎప్పుడూ ఆ రోజే. నాన్నని తెల్లవారుజామునే లేపింది.

"అమ్మా, ఆఫీస్‌కి లేట్ అవుతుంది. మీటింగ్ ఉంది."

"నీ మీటింగు ఎక్కడికీ పోదు. మేనమామకి గుక్కెడు నీళ్ళు వదల్లేవూ?"

లేక్ ఒడ్డున చలిలో నాన్న దక్షిణంగా తిరిగి కూర్చున్నాడు. జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకున్నాడు. కింద పంచె, పైన ఆఫీసు కోటు. రాయి మీద టేప్ రికార్డరు. నాయనమ్మ తమ్ముడికి నీళ్ళయ్యాయి. నాన్న లేవబోయాడు.

"ఉండరా. ఇంకొకడున్నాడు" అంది నాయనమ్మ.

"ఎవరు?"

"దొరసాని వాళ్ళన్న."

"అమ్మా, వాళ్ళు క్రిస్టియన్స్. వాళ్ళ గోత్రం ఏమిటి, మనకేమిటి?"

"గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం. ఆ మాత్రం తెలీదూ? వాడూ మా వాడూ ఒకే యుద్ధంలో పోయారు. ఒకడికి నీళ్ళిచ్చి ఇంకొకడిని చూస్తూ కూర్చోమంటావా? కానీ."

నేను టేపు వెనక్కి తిప్పాను. శాస్త్రిగారు ఆగారు. ఆ ఖాళీలో నాన్న, కొంచెం సిగ్గుపడుతూనే, కాశ్యప గోత్రం అని చెప్పి, ఆ అమెరికా కుర్రవాడి పేరు చెప్పాడు. నువ్వులు కలిసిన నీళ్ళు బొటనవేలి పక్క నుంచి జారి లేక్‌లో పడ్డాయి. నాయనమ్మ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది. ఎవరికో పెద్ద మేలు చేసిన మొహం ఆ రోజు మా నాయనమ్మది.

ఆ మేలు అక్కడితో ఆపినా బాగుండేది. మధ్యాహ్నం గారెలు, అల్లప్పచ్చడి, పరమాన్నం పళ్ళెంలో సర్ది, నన్ను వెంటబెట్టుకుని ఆకుపచ్చ ఇంటికి బయల్దేరింది.

దొరసాని ఆంటీ గారె కొరికి, ఇవాళ ఏమిటి పండగ అంది. నాయనమ్మ వివరంగా చెప్పమంది. చెప్పాను. చనిపోయినవాళ్ళకి ఏడాదికోసారి నీళ్ళిస్తామనీ, అవి లేకపోతే వాళ్ళకి దాహం తీరదనీ, ఈ ఏడు మీ అన్నయ్యకి కూడా కాశ్యప గోత్రం చెప్పి ఇచ్చామనీ, ఇక ఆయనకి ప్రయాణం సుఖంగా సాగుతుందనీ.

ఆవిడ నమలడం ఆపేసింది. కొరికిన గారెను పళ్ళెంలో జాగ్రత్తగా పెట్టేసింది.

"చనిపోయినవాళ్ళకా?" అంది.

"అవును ఆంటీ."

 ఇక నా వైపు చూడలేదు. నాయనమ్మ వైపే చూసింది.

"వాడికి నీళ్ళు చాలలేదని చెప్పారా మీకెవరైనా?"

తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వేయలేదు. మెల్లగా నెట్టింది.

"ఏవందే?" అంది నాయనమ్మ. మెట్ల మీదే చెప్పాను. నాయనమ్మ పళ్ళెం పట్టుకుని మెట్లు దిగింది. పరమాన్నం మీద జీడిపప్పు అటూ ఇటూ కదలడం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

ఇంటికొచ్చాక అమ్మ ఊరుకోలేదు. "ఒక్క మాట అడగొద్దూ అత్తయ్యా? వాళ్ళవాడు, వాళ్ళిష్టం. ఆవిడ బతికున్నాడనుకుంటుంటే మనం వెళ్ళి చంపేసి గారెలు పెట్టొచ్చాం."

నాయనమ్మ ఎప్పుడూ కోడలికి ఎదురు చెప్పకుండా ఉండలేదు. ఆ రోజు ఉంది. రాత్రి నా పక్కన పడుకుని, "మందనుకుని పుండు మీద కారం రాశానే" అంది చీకట్లోకి.

ఆ శరదృతువంతా ఆకుపచ్చ ఇంటి పరదాలు తెరుచుకోలేదు. యాపిల్ పై రాలేదు. బ్లాక్‌బెర్రీ పచ్చడి అడుగున మిగిలింది ఎవరూ తినక బూజు పట్టింది. ఇక్కడ చలికాలం అంటే వాన. రోజుల తరబడి అదే సన్నటి వాన. నాయనమ్మ కిటికీ దగ్గర శాలువా కప్పుకుని కూర్చుని ఆ ఇంటి పొగగొట్టంలోంచి పొగ వస్తోందా లేదా అని చూసేది. వస్తే, "ఊఁ, లేచింది" అనేది. నాకు కోపం వచ్చేది, ఇద్దరి మీదా. పెద్దవాళ్ళు అలిగితే మధ్యలో పిల్లలకి నోరు ఉండీ పనిలేకుండా పోతుంది.

వీసా అయిపోయింది. రేపు ప్రయాణమనగా నాయనమ్మ పెట్టెలో మిగిలిన ఒక్క ఎర్రంచు తువ్వాలు తీసింది. మడత విప్పని కొత్తది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చెప్పులేసుకుని వానలోకి నడిచింది. నేను గొడుగు తీసుకుని వెనక పరుగెత్తేసరికి అప్పటికే తలుపు కొడుతోంది. తలంతా తడిసిపోయింది.

దొరసాని ఆంటీ తలుపు తీసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"చెప్పవే" అంది నాయనమ్మ నాతో, కళ్ళు ఆవిడ మీదే పెట్టి. "నీళ్ళివ్వడం నా బుద్ధితక్కువ. ఇవి నీళ్ళు కావు. మీ అన్నయ్య వస్తే తడిసి వస్తాడు కదమ్మా. తుడుచుకోడానికి పొడి బట్ట ఉండాలి. ఇది ఉంచు. తడవనివ్వకు."

నేను చెప్పాను. నా జీవితంలో ఇంత జాగ్రత్తగా ఏదీ అనువదించలేదు.

ఆవిడ తువ్వాలు అందుకుంది. రెండు చేతులతో పట్టుకుని ఎర్రంచు మీద బొటనవేలు రాసింది. లోపలికెళ్ళి దాన్ని ఎక్కడో పెట్టి వచ్చింది. వచ్చి తన ఏప్రన్ విప్పి, దానితో నాయనమ్మ తల తుడవడం మొదలుపెట్టింది. అమ్మ నా తల తుడిచినట్టు, గట్టిగా, చెవుల వెనక కూడా. ఇద్దరూ ఏడుస్తున్నారు. ఆ పూట దుబాసీతో పని లేకపోయింది.

* * *

నాయనమ్మ మళ్ళీ రాలేదు. కొన్నేళ్ళకి అక్కడే పోయింది. ఆ మహాలయానికి నాన్న అదే ఒడ్డున, అదే కేసెట్ పెట్టుకుని తల్లికి నీళ్ళు వదులుతుంటే, దొరసాని ఆంటీ చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి కొంచెం దూరంలో నిలబడింది. నీళ్ళు ఎవరికో అడగలేదు. తెలిసిపోయినట్టుంది.

తర్వాత గుర్రాల మైదానాలు పోయాయి. స్ట్రాబెర్రీ తోటలు పోయాయి. నాన్న పోయాడు, అమ్మ పోయింది. మా ఇల్లు అమ్మేశాం. బేస్‌మెంట్లో పులిహోర తిన్నవాళ్ళలో సగం మంది లేరు, బ్రహ్మచారి అంకుల్‌తో సహా. రంగు వేసుకునే ఓపిక పోయాక దొరసాని ఆంటీ వృద్ధుల హోమ్‌లో చేరింది. ఎప్పుడు చూడడానికి వెళ్ళినా అడిగేది ఒకటే, "ఇల్లు ఏ రంగు వేశారు?" ఆకుపచ్చే అని చెప్పేదాన్ని. కొన్నవాళ్ళు వారం తిరక్కుండా బూడిదరంగు పూసేశారు.

ఫొటో చూసిన మర్నాడు వెళ్ళాను. అప్పటికి వివరాలన్నీ చదివాను. కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉంది. తొంభై దాటి చాలా ఏళ్ళయింది. చేతులు మాత్రం అవే, ఎముకల చేతులు.

"దొరికింది ఆంటీ" అన్నాను.

ఏమిటని అడగలేదు. నా మొహం చూస్తూ కూర్చుంది.

"ముందు సీటు అద్దం మూసే ఉందట. లోపల చూడకుండా మర్యాదగా వదిలేశారు. పైకి తీయరట, అక్కడే ఉండనిస్తారట. వెనక అద్దం తెరిచి ఉంది. పూర్తిగా వెనక్కి తోసి ఉంది. బెల్టు విప్పి ఉంది. సీటు ఖాళీ."

ఇన్నేళ్ళూ కోరుకున్న మాట. సంతోషిస్తుందనుకున్నాను. నాలో ఇంకా ఆ పదేళ్ళ పిల్ల అలాగే అనుకుంది. ఆవిడ కిటికీ వైపు తిరిగింది. నర్సు మందులు పెట్టి వెళ్ళిపోయింది.

"అయితే బయటికి వచ్చాడు" అంది చివరికి.

"వచ్చాడు ఆంటీ."

"వాడికి ఇల్లు తెలుసు. కనిపించేంత దూరంలోనే ఉంది. ఆకుపచ్చగా ఉంది. నేను చెక్కవంతెన మీదే ఉన్నాను." ఒక్కొక్క మాటా ఆగి ఆగి వచ్చింది. "బయటికి వచ్చి కూడా ఇంటికి రాలేదంటే, రాలేకపోయాడన్నమాట. తెలియనన్నాళ్ళూ ఎప్పటికప్పుడు ఏదో ఒకటి అనుకునేదాన్ని. ఇంకేం అనుకోను?"

ఆవిడ ఏడుపు అంతకుముందు ఒక్కసారే చూశాను. అప్పుడు ఏప్రన్ ఉంది, నాయనమ్మ ఉంది. ఇప్పుడు నేనే ఉన్నాను. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

పొద్దుగూకే వేళకి అడిగింది. "మీ నాన్న టేపు ఉందా?"

ఉంది. నాన్న పోయాక తమ్ముడు దాన్ని ఫోన్లోకి ఎక్కించాడు. పంచాంగం చూస్తే చతుర్దశి ఆ వచ్చే వారమే.

* * *

హోమ్ వాళ్ళు రెండు గంటలు ఇచ్చారు. మా వాడు కుర్చీ నెట్టాడు. ఇంటి పక్క సన్నటి దారిలోంచి ఒడ్డుకి దిగుతుంటే ఆవిడ బూడిదరంగు గోడ చూసింది. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"అబద్ధాలకోరు" అంది. కోపం లేదు ఆ గొంతులో. "పోనీలే. ఇక గుర్తుపట్టాల్సినవాళ్ళు ఎవరున్నారు?"

ఆడవాళ్ళు తర్పణం వదలకూడదంటారు. నాయనమ్మ ఉంటే ఏమనేదో తెలియదు. పంచాంగమంత పట్టింపు ఉన్న మనిషే గానీ, దాహం అంటే పట్టింపులు మరిచిపోయేది. నువ్వులు దొరసాని ఆంటీ అరచేతిలో వేశాను. మా వాడు పాంటు మోకాళ్ళ దాకా తడుపుకుని లేక్‌లోంచి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. ఫోన్‌లో మంత్రం మొదలైంది. మా ఊరి కాకి అరిచింది. ఇక్కడి కాకి ఒకటి జవాబు చెప్పింది. ఎప్పుడో కాలం చేసిన శాస్త్రిగారు, తొంభై దాటిన దొరసానితో, "ఇక్కడ గోత్రం, పేరు చెప్పుకోండి బాబూ" అన్నారు.

నేను గోత్రం అందించబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"కాశ్యప" అంది తనే. ఆ రోజు గారెల పళ్ళెం దగ్గర నేను ఒక్కసారి చెప్పిన మాట. తర్వాత వాళ్ళన్నయ్య పేరు చెప్పింది. ఇంటి పేరుతో కాదు, ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరుతో. ఆ పేరు ఇక్కడ రాయను. శాస్త్రిగారు వదిలిన ఖాళీకి అది సరిగ్గా సరిపోయింది.

"ఊఁ. నీళ్ళు వదలండి."

వదిలింది. సగం ఒళ్ళో పడ్డాయి. మళ్ళీ పోశాను, మళ్ళీ వదిలింది. లేక్ చదునుగా, బూడిదరంగులో ఉంది. నాయనమ్మ చేసింది తప్పేనని అమ్మ చివరిదాకా అనేది. నాకు ఆ ఒడ్డున అలా అనిపించలేదు. తప్పు చేయలేదు, తొందరపడింది. దొరసాని ఆంటీకి పన్నెండేళ్ళు చాలలేదు, అంతే.

తడిచేతులతో చలికి వణుకుతోంది. నా స్వెట్టర్‌తో తుడవబోతే వద్దని, ఒళ్ళోని సంచి చూపించింది. విప్పాను. లోపల ఇంకో ప్లాస్టిక్ సంచి, దాన్లో ఎర్రంచు తువ్వాలు. మడతలు విప్పలేదు. మడతల దగ్గర తెలుపు పసుపెక్కింది, అంచు మాత్రం నిన్న నేసినంత ఎర్రగా ఉంది. ఇన్నేళ్ళూ ఒక్క చుక్క తాకలేదు దానికి.

ఏం చేయాలో తోచక పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ రెండు చేతులూ నా ముందుకు చాపింది.

"తుడువు" అంది. "ఇక తడవనీ."